చుక్క అంటే ముగ్గులోదే కాదు

మన పిల్లలకు తెలుగులో పద్యాలు, పండుగలు, వంటల పేర్లు నేర్పుతున్నాం. సంతోషం. కానీ సైన్సు మాట రాగానే ఇంట్లో అందరం ఇంగ్లీషులోకి జారుకుంటున్నాం. ఇలాగైతే పదహారేళ్ళు వచ్చేసరికి తాతయ్యతో ఫోనులో "బాగున్నారా, భోంచేశారా" తప్ప వాళ్ళకు మాటలుండవు.

క్వాంటం డాట్‌నే తీసుకుందాం. డాట్ అంటే చుక్క. అమ్మమ్మ ముగ్గులో చుక్క లాంటిదే కానీ, కొన్ని నానోమీటర్లే ఉండే సెమీకండక్టర్ చుక్క. లేజర్ వెలుగు తగిలితే ఇందులో ఎలక్ట్రాన్ పైమెట్టు ఎక్కుతుంది. దిగేటప్పుడు ఒకే ఒక్క ఫోటాన్‌ను, అంటే వెలుగు రేణువును వదులుతుంది. 2000లో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దీన్ని చేసి చూపారు.

ఒక్కటే ఎందుకు? రహస్యపు తాళంచెవిని ఒక్కొక్క రేణువుతో పంపితే, దారిలో దొంగచాటుగా చూసినవాడి జాడ పట్టుబడుతుంది. రెండేసి వెళితే, వాడు ఒకటి కాజేసి రెండోది వదిలేస్తాడు. మనకు అనుమానమే రాదు.

క్వాంటం చుక్కలకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న బవెండి, బ్రూస్, ఎకిమోవ్ ముగ్గురూ అమెరికాలో పనిచేసినవారే. బవెండి, ఎకిమోవ్ మనలాగే వేరే దేశంలో పుట్టి ఇక్కడికి వచ్చారు.

తెలుగులో అన్ని మాటలూ లేవు కదా అంటారు. ఫోటాన్‌ను ఫోటాన్ అనే అందాం. వివరించేది తెలుగులో వివరిద్దాం. పిల్లలూ, ఈ ఆదివారం తాతయ్యకు ఈ చుక్క సంగతి మీరే చెప్పండి. పెద్దలం మధ్యలో అడ్డురాకుండా వింటాం.