తొలి హీరోయిన్ అనేస్తే సరిపోతుందా?

తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ఎప్పుడు విడుదలైంది? ఈ ప్రశ్న మీద మనవాళ్ళు బోలెడంత చర్చించారు. 1931 సెప్టెంబరు 15 అని చాలా ఏళ్ళు అనుకున్నాం. సెన్సార్ అయ్యిందే 1932 జనవరి 22న అనీ, బొంబాయి కృష్ణా సినిమా హాల్లో ఫిబ్రవరి 6న విడుదలయిందనీ రెంటాల జయదేవ గారు పాత కాగితాలు తవ్వి తీసి చూపించారు. మంచి పని. చరిత్రలో తేదీలు సరిగ్గా ఉండాల్సిందే.

కానీ ఆ సినిమాలో లీలావతి వేషం వేసిన మనిషి గురించి మాత్రం మనకి ఒక్క ముక్కే తెలుసు. "సురభి కమలాబాయి, తెలుగులో తొలి కథానాయిక." క్విజ్ పోటీలకీ, పోటీ పరీక్షలకీ అది చాలు. నా గొడవేంటంటే, ఆ "తొలి" అన్న బిరుదు ఆవిడ గురించి ఏమీ చెప్పకపోగా, అసలు సంగతిని కప్పేస్తుంది. లాటరీలో టికెట్ తగిలినట్టు, లైన్లో ముందు నిలబడింది కాబట్టి చరిత్రకెక్కినట్టు అనిపిస్తుంది. అది నిజం కాదు.

ఆవిడ పుట్టుక గురించి ఒక కథ చెప్తారు. తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగా స్టేజీ మీదే నొప్పులు వచ్చి కమలాబాయి పుట్టిందట. చూసేవాళ్ళు అది కూడా నాటకంలో భాగమే అనుకున్నారట. ఈ కథని అందరూ వింతగా, ముచ్చటగా చెప్పుకుంటారు. నేను ఆ కథని తల్లి వైపు నుంచి చూస్తాను. నెలలు నిండిన మనిషి ముఖానికి రంగు పూసుకుని, దీపాల వేడిలో నిలబడి, పద్యాలు పాడుతోంది. ఎందుకు? ఆ రాత్రి ఆట ఆగితే మర్నాడు పొయ్యి వెలగదు కాబట్టి అయుండాలి. అందులో వింతేం లేదండీ, అది ఉద్యోగం.

సురభి వాళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబాలు, కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో 'కీచకవధ' ఆడి నాటకాల్లోకి వచ్చాయి. ఇంటిల్లిపాదీ నటులే. మాటలు రావడం మొదలవగానే పిల్లలు స్టేజీ ఎక్కాలి. కమలాబాయి కూడా చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి బాలవేషాలన్నీ వేసి, ఆ తర్వాత ఆడవేషాలకి వచ్చింది. అంటే సినిమాలో ప్రహ్లాదుడి తల్లి అవ్వకముందే, నాటకంలో తనే ప్రహ్లాదుడన్నమాట! ఆ నాటకంలో ఏ పద్యం ఎక్కడ ఎత్తుకోవాలో, ఏ మాటకి జనం కళ్ళు తుడుచుకుంటారో ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇప్పుడు సురభి డేరా బయటికి వచ్చి చూడండి. అదే కాలంలో మిగతా తెలుగు నాటక రంగంలో సీతా, సావిత్రీ, ద్రౌపదీ అందరూ ఎక్కువగా మగవాళ్ళే. పరువుగల ఇంటి ఆడది స్టేజీ ఎక్కకూడదు. ఎక్కినదానికి పరువు ఉండదు. ఎంత చక్కటి లాజిక్కో చూశారా, ఎటునుంచి వచ్చినా దెబ్బ ఆడదానికే. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని బళ్ళారి రాఘవ లాంటి పెద్ద నటుడు గట్టిగా పట్టుబట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉండేదో అర్థం చేసుకోవచ్చు. సురభి వాళ్ళు ఉపన్యాసాలేం ఇవ్వలేదు. అన్నదమ్ములు, భర్తలు, కొడుకుల పక్కన ఆడవాళ్ళు వేషం కట్టారు, అంతే. మిగతావాళ్ళు వాదించుకుంటున్న ప్రశ్నకి వీళ్ళ దగ్గర అప్పటికే జవాబు ఉంది.

స్థానం నరసింహారావు గారిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం అస్సలు కాదు. ఆయన మహానటుడు. సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆయన్ని చూసినవాళ్ళు జన్మంతా చెప్పుకున్నారు. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, రావాల్సిందే. కానీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. మగవాడు ఆడదానిలా నడిస్తే అది కళ. ఆడది ఆడదానిలా నటిస్తే? "అందులో ఏముంది, ఆవిడ ఆడదేగా!" ఆడవాళ్ళ నటనని సహజమైన గుణం కింద కొట్టిపారెయ్యడం మనకి బాగా అలవాటు, ఇంట్లో వాళ్ళ వంటని కొట్టిపారేసినట్టే. సురభి నాటకాలకి పద్మశ్రీ వచ్చింది 2013లో, బాబ్జీ గారి పేరుతో. స్థానం వారికి వచ్చిన యాభై ఏడేళ్ళ తర్వాత. చిత్రం ఏంటంటే, స్థానం వారూ కమలాబాయీ ఇద్దరూ 1971లోనే పోయారు.

సరే, సినిమా దగ్గరికి వద్దాం. హెచ్.ఎమ్. రెడ్డి గారు బొంబాయిలో తెలుగు టాకీ తియ్యాలనుకున్నప్పుడు ఆయనకి ఏం కావాలి? అప్పట్లో ప్లేబ్యాక్ లేదు, డబ్బింగ్ లేదు. కెమెరా తిరుగుతుండగానే నటి పాడాలి, వాయిద్యాలవాళ్ళు కెమెరాకి కనపడని చోట కూర్చుని వాయించాలి, మైకు దాన్నంతా అక్కడికక్కడే పట్టాలి. తప్పు పోతే మళ్ళీ మొదటినుంచి, ఫిలిం ఖర్చు వేరే. అంటే పాడటం, మాట పలకడం, నటించడం మూడూ ఒకే మనిషికి ఒకేసారి రావాలి. అలాంటి శిక్షణ చిన్నప్పటి నుంచీ పొందిన ఆడవాళ్ళు తెలుగులో ఎక్కడున్నారు? సురభిలో ఉన్నారు. అందుకే కమలాబాయి "తొలి" అయ్యింది. అదృష్టం కాదు, అర్హత. మా ఇంటర్వ్యూల భాషలో చెప్పాలంటే, ఆ ఉద్యోగానికి కావల్సిన అనుభవం ఉన్న రెజ్యూమేలు అప్పట్లో బహు కొద్ది.

ఆ వెంటనే 1932లోనే 'పాదుకా పట్టాభిషేకం', 'శకుంతల' వచ్చాయి. రెండింటిలోనూ ఆవిడే. టాకీ అనేది నిలబడుతుందో లేదో తెలియని రోజుల్లో, ఊరుగాని ఊళ్ళో, భాషగాని భాష మాట్లాడే స్టూడియోల్లో తెలుగు సినిమాని భుజాన మోసినవాళ్ళలో ఆవిడ ఒకరు. తర్వాత హిందీ సినిమాల్లో కూడా వేసింది. 'భక్త ప్రహ్లాద'లోనే చిన్న వేషం వేసిన ఎల్.వి. ప్రసాద్ గారు తర్వాత దర్శకుడై, నిర్మాతై, 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు దాకా వెళ్ళారు. ఆయన ప్రతిభ ఆయనది, కాదనను. కానీ అదే సినిమాలో హీరోయిన్‌కి ముందు అలాంటి దారి ఉందా? దర్శకత్వం ఎవరిస్తారు, డబ్బు ఎవరు పెడతారు? ఆవిడకి కనిపించే దారి ఒక్కటే. కొన్నాళ్ళు హీరోయిన్, ఆ తర్వాత అమ్మ.

అమ్మే అయ్యింది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లి ఆవిడే. ఎన్.టి. రామారావుకీ ఆవిడకీ నిజంగా ఇరవై ఏళ్ళ తేడా కూడా లేదు. ఆ సినిమాని మనలో ఎంతమంది ఎన్నిసార్లు చూసుంటాం! ఎస్వీ రంగారావు మాటలు అప్పజెప్పేస్తాం. ఆ తల్లిని మాత్రం "రాముడి అమ్మ" అనుకుని వదిలేస్తాం.

'భక్త ప్రహ్లాద' ప్రింటు మనకి దక్కలేదు. మా ప్రాజెక్టుల్లో ఒక్కరోజు బ్యాకప్ పోతేనే నానా హడావిడి చేస్తాం, ఇక్కడ ఒక భాష మొదటి మాటలే పోయాయి. లీలావతిగా ఆవిడ ఎలా పాడిందో ఇక మనం వినలేం. దానికి ఇప్పుడు ఎవరూ చెయ్యగలిగింది లేదు. కానీ 'పాతాళభైరవి' ఉంది కదా.

ఈసారి అది చూసినప్పుడు నేపాళ మాంత్రికుడి కోసం ఎదురుచూడటం కాస్త ఆపి, దుడుకు కొడుకుని చూసి బెంగపడే ఆ తల్లిని చూడండి. ఎక్కడా అతి లేదు. నాటకాల నుంచి వచ్చినవాళ్ళు అరుస్తారనే అభిప్రాయం ఎవరికైనా ఉంటే అక్కడే పోతుంది. చిన్నప్పటి నుంచీ చేసిన పని మీద ఉండే పట్టు అది. తేదీల గురించి కొట్టుకోవడం తర్వాత కూడా కొట్టుకోవచ్చు, ముందు ఆ పనితనం గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందాం. "తొలి" అని ఒక దండ వేసి గోడకి తగిలించడం కన్నా ఆవిడకి అదే అసలైన గౌరవం అని నా అభిప్రాయం. మీరేమంటారు?