తిథి తెలియని అన్న

గడచిన నెల ఈ పుటయందు పాత పట్టుచీరలను పురుగుబారినుండి కాపాడుకొను విధమును ముచ్చటించుకొంటిమి. ఈ నెల ఆ చీరల క్రింద, పెట్టె అడుగున దాగియుండు మఱియొక వస్తువును గూర్చి చెప్పదలచితిని. అది పాత ఉత్తరము.

మా మామ్మగారికి, అనగా మా తండ్రిగారి తల్లిగారికి, ఇప్పుడు తొంబది మూడేండ్లు. ఆమె పుట్టినిల్లు శ్రీకాకుళము జిల్లాలోని ఒక చిన్న పల్లె. ఆమెకంటె పదేండ్లు పెద్దయైన అన్నగారు రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, పట్టాళమున చేరిరి. ఆయనకు పెండ్లియై అప్పటికి ఏడాదియే. 1944 తరువాత ఆయన యొద్దనుండి ఉత్తరము లేదు. మనిషి రాలేదు. మరణవార్తయు రాలేదు.

ఆ కాలమున మా ప్రాంతమునుండి కళింగపట్నము, భీమునిపట్నము రేవులమీదుగా రంగూనునకు కూలికి పోయినవారు పలువురు. అందు కొందఱు అక్కడనే సంసారములు ఏర్పఱచుకొనిరి. కావున ఊరివారికి కథ కట్టుట కష్టము కాలేదు. "బర్మాలో మఱొక ఇల్లు కట్టుకొన్నాడట" అని ఒకరనిరి. చూచి వచ్చినట్లు మఱొకరు చెప్పిరి. ఆ మాట నలువది యేండ్లు మోసినది మామ్మగారి వదినగారు. ఆమె బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. తీయలేదని కొందఱు నవ్విరి. మగనిని నిలుపుకొనలేకపోయినదని కొందఱు నిందించిరి. పేరంటమునకు పిలువవలెనో వలదో తేల్చుకొనలేనివారు పిలుచుటయే మానిరి. ఆమె 1987లో పరమపదించినది.

అన్నగారికి ఆబ్దికము పెట్టించుటకు తిథి తెలియదు. పెట్టింపవచ్చునో కూడదో కూడ తెలియదు. రెండేండ్ల క్రిందట మామ్మగారు నన్ను చెంతకు పిలిచి, "అమ్మాయీ, నువ్వు చదువుకొన్నదానవు. నేను పోయేలోగా మా అన్న సంగతి తేల్చిపెట్టవే" అనిరి. ఆ మాట త్రోసివేయలేక ఈ వెదకులాటకు దిగితిని.

మొదట పేరుతో వెదకితిని. ఇదియే నేను చేసిన పొరపాటు. మన పేర్లు ఆంగ్లాక్షరములలో పడినప్పుడు వాటికి పట్టిన గతి మీరెఱుగనిది కాదు. అప్పన్న ఒకచోట అపన యగును, మఱొకచోట అప్పనా యగును. ఇంటిపేరు పలుమాఱు వ్రాయనే వ్రాయరు. మా ఊరి పేరో, ఉత్తరాంధ్రమున ప్రతి తాలూకాలోను ఒకటి యుండును. ఒక కార్యాలయమునకు జాబు వ్రాయగా, నంబరు లేనిదే ఏమియు చేయజాలమని మూడు వాక్యముల ప్రత్యుత్తరము వచ్చినది. నాకు మనసు కుంగినది. మా వారు బడిపంతులు గనుక శాంతముగా, "వారన్నది తప్పు కాదు. ఒక తరగతిలో నలుగురు అప్పన్నలున్నప్పుడు నేనును హాజరుపట్టీలోని నంబరుతోనే పిలుతును" అనిరి.

ఆ నంబరు మా ఇంటనే యున్నది. వదినగారు కన్నుమూయుటకు ముందు తన రేకుపెట్టెను మామ్మగారికి అప్పగించినది. అందు పసుపుగుడ్డలో చుట్టిన ఉత్తరమొకటి కలదు. చదువు వచ్చిన తోడి సిపాయిచేత వ్రాయించినది. వానలు హెచ్చుగా నున్నవనియు, రోడ్డు పని జరుగుచున్నదనియు, ఎఱ్ఱావును ఎంత అక్కఱ వచ్చినను అమ్మవలదనియు అందున్నది. ఊరి పేరు మాత్రము లేదు. యుద్ధకాలమున సిపాయిలు తామున్న చోటు పేరు వ్రాయరాదు. ఫీల్డు పోస్టాఫీసు నంబరు మాత్రమే వ్రాయవలెను. అయితే పై అంచున ఆయన సైనిక సంఖ్య, పేరు, కంపెనీ స్పష్టముగా నున్నవి. మేమందఱము ఆ ఉత్తరమును ఎన్ని మాఱులు చూచితిమో! ఎఱ్ఱావును గూర్చి చదివి కన్నీరు పెట్టుకొంటిమే కాని, పైనున్న అంకెలను ఒక్కరమును పట్టించుకొనలేదు.

కామన్‌వెల్తు యుద్ధ సమాధుల సంఘమను సంస్థ యొకటి కలదు. అది 1917లో, మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండగనే స్థాపింపబడినది. రెండు మహాయుద్ధములలో బ్రిటిషు సామ్రాజ్యపు సైన్యములందు మరణించిన దాదాపు 17 లక్షల మంది పేర్లు దాని పట్టికలలో నున్నవి. దొర యని, సిపాయి యని భేదము చూపరాదన్నది దాని సూత్రము. రెండవ యుద్ధమునకు సంబంధించి 1939 సెప్టెంబరు 3 మొదలు 1947 డిసెంబరు 31 వఱకు జరిగిన మరణములను ఆ సంఘము లెక్కలోనికి తీసుకొనినది. ఆ యుద్ధమున 25 లక్షల మంది భారతీయులు సైన్యమున పనిచేయగా, అందు దాదాపు 87 వేల మంది మరణించిరి. ఈ పట్టికలను అంతర్జాలమున ఎవరైనను రుసుము లేకుండ చూడవచ్చును.

మా వారి బడిలోని కంప్యూటరు ముందు ఒక ఆదివారము కూర్చుండి, పేరు విడిచి, ఆ సంఖ్యను మాత్రము కొట్టితిమి. ఒక్క పేరు వచ్చినది. అక్షరములు తాఱుమాఱై వేఱొకరి పేరువలె నున్నది. కాని తండ్రి పేరు సరిపోయినది. ఊరి పేరు సరిపోయినది. జిల్లా విజగపటము, శ్రీకాకుళము జిల్లా 1950లో గదా వేఱైనది. దళము ఇండియన్ పయొనీరు కోరు. రోడ్లు వేయుట, సామానులు మోయుట మొదలగు పనులు చేయు దళమది. మరణదినము 1944 జూన్ 7. స్మారకము ఇంఫాలులో. ఆ క్రింద, ఫలానా ఆమె భర్త యని, వదినగారి పేరు.

సోదరీమణులారా, ఆమె పేరు ఏ పలకమీదను, ఏ శుభలేఖమీదను, ఏ పట్టామీదను పడి యెఱుగదు. పేరంటపు పిలుపులలో సైతము విడువబడిన పేరది. దేశాంతరపు పట్టికలో ఎనుబది యేండ్లుగా నిలిచియున్నది. రంగూనులో మఱొక ఇల్లు కట్టుకొన్నాడనిన మనిషి, చేరిననాడు తన ఆలి పేరు చెప్పి వ్రాయించుకొన్నాడు.

మఱియొక సంగతియు అప్పుడే తెలిసినది. రంగూను 1942 మార్చిలోనే జపానువారి వశమైనది. ఇంఫాలు మన మణిపురమున నున్నది. 1944 మార్చిలో జపాను సేనలు దానిపైకి వచ్చి, నెలాఖరునకు కోహిమానుండి వచ్చు దారిని తెగగొట్టినవి. ఆ దారి మరల తెఱచుకొన్నది జూన్ 22న. మామ్మగారి అన్నగారు ఆ ముట్టడిలోపలనే, దారి తెఱచుకొనుటకు పదునైదు దినములు ముందుగా మరణించిరి. ఆయన రంగూను చూడనే లేదు.

ఆ వివరములతో ఆ దళపు రికార్డు కార్యాలయమునకు వ్రాయగా, కొన్ని నెలలకు ఒక పుట నకలు వచ్చినది. తుపాకి దెబ్బ కాదు. ఆసుపత్రిలో జిగట విరేచనములచే మరణము. ఆ రంగమున 14వ సైన్యమును నడపిన స్లిమ్ సేనాని, 1943లో గాయపడి తరలింపబడిన ఒక్కొక్కనికి 120 మంది రోగులు తరలింపబడిరని తన గ్రంథమున వ్రాసియున్నాడు. మలేరియా, విరేచనములు తుపాకికంటె ఘోరముగా పోరాడిన రంగమది. ఆ నకలులోనే మా ఊరి పేరు ప్రక్కన మఱొక తాలూకా పేరున్నది. మరణవార్త బహుశః అదే పేరుగల వేఱొక ఊరికి పోయియుండును. ఒక్క మాట తాఱుమాఱగుటవలన ఒక ఇల్లాలికి భర్త చావు తెలియలేదు, పింఛను రాలేదు, నింద మాత్రము వచ్చినది.

పాత పంచాంగము చూపింపగా, 1944 జూన్ 7 తారణ నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ పాడ్యమి, బుధవారమని తేలినది. ముందటి దినము ఏరువాక పున్నమి. లోకము జూన్ 6ను నార్మండీ తీరమున సేనలు దిగిన దినముగా తలచుకొనును. మామ్మగారు ఇట్లనిరి: "ఆ ఏరువాక నాకు గుర్తున్నదే. ఎఱ్ఱావు దూడను మా నాన్న మొదటిసారి కాడికి కట్టినాడు. నేనే దానికి పసుపు రాసి బొట్టు పెట్టినాను. మఱునాడే అన్న పోయినాడా? మేము దున్నుకొంటూనే ఉన్నామే!" కొంతసేపటికి, "దహనము చేసినారా?" అని అడిగిరి.

చేసినారు. ఇంఫాలులోని భారత సైనిక యుద్ధ సమాధుల స్థలమున దహన స్మారకము కలదు. తమ మతాచారము ననుసరించి దహనము చేయబడిన 868 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అందున్నవి. అందు ఆయన పేరున్నది. ఎవరో తోడివారు నిప్పు పెట్టిరి.

చిన్ననాడు మా తాతగారు నాకు తిక్కనగారి స్త్రీపర్వమును చెప్పునప్పుడు, దిక్కులేని వీరులకు సైతము ధర్మరాజు దహనాదులు చేయించిన ఘట్టమును త్వరగా దాటి, కుంతి కర్ణునికి తిలోదకములిమ్మని కొడుకును అడుగు చోట నిలిచెడివారు. వారు ఎందుకు నిలిచిరో ఇప్పటికి తెలిసినది. లెక్కలో చేరని ఒక్క పేరును చెప్పగలిగినది ఒక స్త్రీయే. ఆమె నోరు విప్పువఱకు ఎంతటి ధర్మరాజైనను ఏమియు చేయజాలడు. చెప్పుటలో ఆలస్యమైనందుకు ఆమె పడిన దుఃఖమును మీరెఱుగుదురు.

అందుకే ఈ పుట వ్రాయుచున్నాను. పట్టాళమునకు పోయిన మనిషి మీ వంశమున నున్నచో, ఇంటనున్న వృద్ధురాండ్ర యొద్ద ఈ వారమే కూర్చుండుడు. ఆయన పేరు, తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, ఆ కాలపు తాలూకా, జిల్లా వ్రాసికొనుడు. ఉత్తరముల పై అంచును, పింఛను కాగితములను, డిశ్చార్జి సర్టిఫికెట్టును చూడుడు. పతకమున్నచో తోమి మెఱుగు పెట్టకుడు. భారతీయ సిపాయిల పతకముల అంచునను, నక్షత్రముల వెనుకను సంఖ్య, పేరు చెక్కబడి యుండును, తోమినకొలది అది అరగిపోవును. యుద్ధమున మరణించినవారిని నేను చెప్పిన సంఘపు పట్టికలో సంఖ్యతో వెదకుడు. తిరిగి వచ్చినవారి పేర్లు అందుండవు. వారికై వారి దళపు రికార్డు కార్యాలయమునకు వ్రాయవలెను. మద్రాసు శాపర్లలో పనిచేసినవారికి అది బెంగుళూరున నున్నది. దారి తెలియనిచో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున అడుగవచ్చును.

మా ఇంట మొన్నటి జ్యేష్ఠ బహుళ పాడ్యమినాడు మా తండ్రిగారు మేనమామకు, ఆయనతోపాటు మేనత్తకు ఆబ్దికము పెట్టిరి. వదినగారు బొట్టు తీయకపోవుట తప్పగునా యని ఒక బంధువు మెల్లగా అడుగగా మామ్మగారు, "చెప్పినవాడు లేనప్పుడు తీయవలసిన పని ఏమున్నది? ఆమె ఎదురుచూచినది. అంతే" అనిరి. ఆ బంధువు మాఱు మాటాడలేదు. నాటి పేరంటములకు ఆమెను పిలువనివారి ఇండ్లకు కూడ మామ్మగారు ఆ సాయంకాలము నా చేతనే ప్రసాదము పంపించిరి. తీసికొనుచు వారు ఎవరిదని అడిగిరి. వదినగారి పేరు చెప్పి ఇచ్చి వచ్చితిని.