బిడ్డ బడికి రాకపోతే ముందు కారణం అడగండి

తల్లిదండ్రులకు, టీచర్లకు ఒక మాట. ఏడాదంతా ఒక్కరోజు కూడా మానని పిల్లలకు బడి వార్షికోత్సవంలో బహుమతి ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. పెద్ద తరగతుల సంగతి ఎలా ఉన్నా, ఒకటి నుండి మూడవ తరగతి వరకు ఈ బహుమతి మానివేయాలని నా అభిప్రాయం. ఆరేళ్ళ బిడ్డ బడికి పోవాలా వద్దా అని తానుగా నిర్ణయించుకోదు. తల్లి జడ వేసి పంపితే పోతుంది, లేకుంటే లేదు. తట్టు వచ్చి మంచం పట్టిన పాపకు రాని పెన్సిల్ డబ్బా, తట్టు రాని పాపకు రావడంలో న్యాయమేమిటి? అంతకంటే చెడ్డ సంగతి మరొకటుంది. బహుమతి కోసమో, టీచరు కోప్పడుతుందనో, జ్వరమున్న బిడ్డకు పొద్దున్నే పారాసెటమాల్ సిరప్ తాగించి పంపుతారు. మధ్యాహ్న భోజనం వేళకు మందు బలం తగ్గి జ్వరం తిరిగి వస్తుంది. అప్పటికి పక్కన కూర్చున్నవారికీ అంటుకునే వీలుంటుంది.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం, 6 నుండి 14 ఏళ్ళ పిల్లలు బడికి హాజరయ్యేలా చూసే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. ఎనిమిదవ తరగతి పూర్తయ్యే వరకు పిల్లలను బడి నుండి తీసివేయరాదు, కొట్టరాదు, మానసికంగా వేధించరాదు. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపివేసే వీలు వచ్చింది గాని, బడి నుండి తీసివేసే వీలు రాలేదు. నాలుగు రోజులు రాలేదని బిడ్డను గుమ్మం బయట నిలబెట్టడం ఈ చట్టానికి సరిపడదు.

ఎన్ని రోజులు ఇంట్లో ఉంచాలని తల్లులు తరచుగా అడుగుతుంటారు. జ్వరమైతే మందు వేయకుండానే ఒక రోజంతా జ్వరం లేకుండా ఉండాలి. విరేచనాలు ఆగిన తరువాత రెండు రోజులు ఉంచడం మంచిది. అమ్మవారు పోస్తే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేవరకు, తట్టుకు దద్దుర్లు కనిపించిన తరువాత నాలుగు రోజులు, గవదబిళ్ళలకు వాపు మొదలైన నాటి నుండి ఐదు రోజులు. గజ్జికి ఒకసారి మందు రాస్తే మరునాడు పంపవచ్చు, అయితే ఇంట్లో అందరూ రాసుకోవాలి. పేలున్నాయని బడి మాన్పించనక్కరలేదు. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం తప్పక ఆస్పత్రిలో చూపించాలి.

ఇక మన డిచ్‌పల్లికి బాగా తెలిసిన జబ్బు సంగతి. డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసాని ఇక్కడ 1915లో కుష్ఠు ఆస్పత్రి ప్రారంభించి నూరేళ్ళు దాటింది. రోగులను వేరుగా ఉంచడానికి చేసిన 1898 నాటి చట్టాన్ని పార్లమెంటు 2016లో రద్దు చేసింది. అయినా బిడ్డ ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ఇంటివారే భయపడి బడి మాన్పించడం, లేదా పక్క పిల్లల తల్లులు గొడవ చేయడం జరిగే పనే. ఇది పూర్తిగా అనవసరమైన గైర్హాజరు. బహుళ ఔషధ చికిత్స మొదలుపెడితే జబ్బు ఇతరులకు అంటే శక్తి త్వరలోనే పోతుంది. మందులు ఉచితం. ఆరు నెలలో, ఏడాదో క్రమం తప్పక వాడాలి. ఆ కాలమంతా బిడ్డ అదే బెంచీ మీద, అదే స్నేహితుల నడుమ కూర్చోవచ్చు. చేతికి స్పర్శ లేకపోతే మధ్యాహ్న భోజనంలో వేడి పళ్ళెం పట్టుకోకుండా టీచరు కాస్త కనిపెట్టి ఉంటే చాలు.

జబ్బు లేని గైర్హాజరీలూ ఉన్నాయి. మన వైపు బీడీలు చుట్టే ఇళ్ళలో, తల్లి లెక్క పూర్తి చేయాలంటే చంటిబిడ్డను ఎత్తుకునేది ఎనిమిదేళ్ళ అక్కే. కోతలకు, కూలికి వలస పోయే కుటుంబం పిల్లలను వెంట తీసుకుపోతుంది. హాజరు పట్టీలో వీరికీ, జ్వరం వచ్చిన వారికీ పడేది ఒకటే గుర్తు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన అమ్మ ఒడి వంటి పథకంలో తల్లికి డబ్బు అందడానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టారు. డబ్బుకూ హాజరుకూ ముడి పెట్టేటప్పుడు కారణం రాసే గడి కూడా ఉండాలి గదా!

మూడవ రోజు కూడా బిడ్డ రాకపోతే బడి నుండి ఎవరైనా ఇంటికి పోయి అడగాలి, దండించడానికి కాదు, తెలుసుకోవడానికి. చంటిబిడ్డ కోసమైతే అంగన్‌వాడీ టీచరమ్మతో మాట్లాడవచ్చు. జబ్బయితే ఆస్పత్రి చీటీ తెమ్మనవచ్చు, కాని చీటీ మీది జబ్బు పేరు తరగతిలో పైకి చదవవద్దు. నెలకొకసారి మందుల కోసం ఆస్పత్రికి వచ్చే బిడ్డకు ఆ పూట సెలవు ఇచ్చి, మధ్యాహ్నం నుండి హాజరు వేయండి.