నాన్నగారి దస్తూరి

ఉర్దూ దినపత్రికలను చేతితో రాసిన తరం ఒకటి ఉండేదని చెబితే నేటి పిల్లలు వింతగా చూస్తారు. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు కుడినుండి ఎడమకు ఏటవాలుగా దిగుతూ వస్తాయి. పక్కనున్న అక్షరాన్నిబట్టి ప్రతి అక్షరమూ రూపు మార్చుకుంటుంది. సీసపు అచ్చులతో ఆ అందాన్ని పట్టుకోవడం సాధ్యపడలేదు. అందువల్ల ముద్రణయంత్రం ఎంత పెద్దదైనా దానికి మేత మాత్రం మనిషి చేతినుండే అందవలసివచ్చేది. ఆ రాతగాళ్లను కాతిబులు అంటారు. మా నాన్నగారు హైదరాబాదులోని ఒక దినపత్రికలో ముప్పయి ఏళ్లకు పైగా కాతిబుగా పనిచేశారు.

ఆయన స్వస్థలం కర్నూలు. పదిహేనో ఏట ఒక ఉస్తాదు దగ్గర చేరి, మొదటి ఆరు నెలలూ ‘అలిఫ్’, ‘బే’ తప్ప మరేమీ రాయలేదట. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. చుక్క అంటే కలం మొన వెడల్పు. కలం మారితే కొలతలన్నీ మారిపోతాయి. కాతిబు పని చక్కగా రాయడమేనని అనుకుంటారుగాని, అందులో సగం చాకు పనే. రెల్లు కలాన్ని చెక్కి, మొనను ఏటవాలుగా ఒక్క దెబ్బతో కోయాలి. రెండో దెబ్బ పడితే ఆ మొన పనికిరాదనేవారు నాన్నగారు. ఇంట్లో ఆ చాకును ముట్టుకునే ధైర్యం మాకెవ్వరికీ లేదు. అమ్మ కూడా దానిజోలికి పోయేది కాదు.

అస్ర్ నమాజు ముగించి కార్యాలయానికి బయలుదేరితే తిరిగివచ్చేసరికి రాత్రి రెండయ్యేది. నేలమీద కూర్చుని, ఒక మోకాలు పైకి మడిచి, దానిపై పలక ఆనించుకుని రాసేవారు. మొదటి పేజీలో ఒక మూల ఖాళీ ఉంచేవారు, ఆలస్యంగా వచ్చే వార్త కోసం. వార్త పెద్దదైతే అక్షరాలు సన్నబడాలి, చిన్నదైతే ఒళ్లు చేయాలి. అయినా చదివేవారి కంటికి ఆ తేడా తెలియకూడదు. అన్నిటికన్నా ఆయనను భయపెట్టినది చుక్క. ‘ఖుదా’ అనే మాటలో పైనుండవలసిన చుక్క కిందికి జారితే అది ‘జుదా’ అవుతుంది, అనగా వేరైనది. అందుకే పేజీ పూర్తయ్యాక, మాటలు చదవకుండా చుక్కలు మాత్రమే చూసుకుంటూ చివరిదాకా ఒకసారి వెళ్లేవారట. ఎందరో రచయితల పేర్లను ఆయన తీర్చిదిద్ది రాశారు. ఆయన పేరు మాత్రం ఆ పత్రికలో ఎక్కడా లేదు.

సెలవు దొరికితే మమ్మల్ని వెంటబెట్టుకుని కుతుబ్‌షాహీ సమాధులకు, బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు తీసుకువెళ్లేవారు. రాతిమీదా, రంగుపలకల మీదా ఉన్న అక్షరాల ముందు నిలబడి, గాలిలో చూపుడువేలితో వాటిని తిరిగి రాసేవారు. ఎవరు కట్టించారని మేము అడిగేవాళ్లం. ఎవరి చేయి రాసిందో చెప్పేవారుంటే బాగుండునని ఆయన అనేవారు. ఎండకు మేము విసిగిపోయినా ఆయనకు పట్టేది కాదు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మాకు ఆ షికార్లలో నచ్చినది తిరుగుదారిలో దొరికే ఉస్మానియా బిస్కట్లు, చాయ్.

కర్నూలులో తాతగారింట ఉండి మేము తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నాం. మా పుస్తకాల అట్టలపై పేర్లు నాన్నగారే రాసేవారు, అదే రెల్లు కలంతో, తెలుగులో. తలకట్టు సన్నగా మొదలై చివర లావెక్కేది. ఆయన మనుమలలో ఇద్దరికి ఉర్దూ చదవడమే రాదు. మన తెలుగు ముస్లిం కుటుంబాలు చాలావాటిలో ఇదే పరిస్థితి. తాత రాసిన వేల పేజీలలో ఆ పిల్లలు చదవగలిగినవి ఈ అట్టల మీది పేర్లు మాత్రమే.

1981లో పాకిస్తాన్‌లో నూరీ నస్తాలీఖ్ వచ్చింది. వేలాది అక్షరసంపుటులను ముందుగా చేత్తో రాయించి యంత్రానికి అప్పగించిన లిపి అది. 1994లో ఢిల్లీ నుండి ఇన్‌పేజ్ వెలువడ్డాక చిన్న పత్రికలకూ కంప్యూటరు అందుబాటులోకి వచ్చింది. నాన్నగారి కార్యాలయం కాతిబులను ఒక్కొక్కరినే ఇంటికి పంపింది. అదే గదిలో, అదే పనికి, ఇన్‌పేజ్ నేర్చుకున్న మా అన్నయ్యను తీసుకున్నారు. ఆ ఉద్యోగంలో చేరాలా వద్దా అని అన్నయ్య మూడు రోజులు నలిగిపోయాడు. “చేరు బేటా, ఇంట్లోకి వచ్చేది హలాల్ సంపాదనే కదా” అన్నారు నాన్నగారు. తరువాత ఒకనాడు వెళ్లి తెరను చాలాసేపు చూసి, “ఈ రెండు మాటల మధ్య గాలి ఎక్కువైంది, దగ్గరికి జరుపు” అని చెప్పి వచ్చేశారు. ఆపైన ఛత్తాబజారులో పెళ్లి రుఖ్ఖాలు రాస్తూ కాలం గడిపారు. బాధపడ్డారా అంటే, పడ్డారనే మా నమ్మకం. పత్రిక ఇంటికి వస్తే మునుపటిలా వెంటనే విప్పేవారు కాదు.

ఆయన అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత, వారసత్వం మాట రాకముందే అప్పులు తీర్చాలన్న దివ్యఖుర్ఆన్ ఆజ్ఞ ప్రకారం లెక్కలు చూశాం. చిన్న పుస్తకంలో మూడు రుఖ్ఖాలకు తీసుకున్న బయానా రాసి ఉంది. రెండిళ్లవారికి డబ్బు తిరిగి ఇచ్చేశాం. మూడో ఇంటి పెద్దమనిషి తీసుకోలేదు. దానికి బదులు ఆయన చేతిరాత ఏదైనా ఒక్క కాగితం ఇప్పించమన్నారు.

ఉమర్ (రజి) కుమారులైన అబ్దుల్లాహ్ (రజి) మక్కా దారిలో ఒక పల్లెవాసి ఎదురుపడితే తాము ఎక్కిన గాడిదను, తలపాగాను అతనికి ఇచ్చివేశారు. ఆ మనిషి తండ్రి తమ తండ్రికి స్నేహితుడన్నదే కారణం. తండ్రి ఆప్తులతో బంధం నిలుపుకోవడం ఉత్తమమైన పితృసేవ అని దైవప్రవక్త (స) బోధించిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. నాన్నగారితో ఒకే చాపమీద కూర్చుని రాసిన కాతిబు ఒకరు ఇంకా ఉన్నారని తెలిసి, పాత పత్రికల కట్ట ఒకటి తీసుకుని వెళ్లాం. ఎనభై దాటిన వయసు, కళ్లకు మందమైన అద్దాలు. పేజీని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, గోటితో ఒక గీత చూపించారు. “ఇక్కడిదాకా మీ అబ్బాజాన్‌ది. ఇక్కడినుండి నేను రాశాను, ఆ రాత్రి ఆయనకు జ్వరం” అన్నారు.

మిగిలిన కట్టలు కూడా వచ్చే ఆదివారం తెమ్మన్నారు. మనుమలను వెంట తీసుకువెళ్తున్నాం.