మాట మిగిలింది, నడక ఏది?

1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదో ఆంధ్ర మహాసభ మన చిలుకూరులోనే జరిగింది. ఆ దశాబ్దంలో నిజాం పాలనపై ఈ చుట్టుపక్కల పల్లెల పోరాటం బుర్రకథ అయింది, గొల్లసుద్దులైంది. అచ్చులో దొరికే గాథలు తీసి చూడండి. మాటలుంటాయి. కథకుడు ఎక్కడ వేగం పెంచాడో, వంత ఎక్కడ అందుకున్నాడో ఉండదు.

నడక పోతే ఏం పోతుందో తెలియాలంటే, మాటలే లేని గాథలు వినాలి. యూరప్‌లో గాథాగీతాన్ని బాలడ్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో కొందరు స్వరకర్తలు ఆ పేరుతో, ఒక్క మాటా లేకుండా, పియానో మీద కథ చెప్పారు.

1830లో వార్సా విడిచిన షోపేన్ మళ్లీ స్వదేశం చూడలేదు. 1836లో అచ్చయిన అతని మొదటి బాలడ్‌లో రెండు చేతులూ ఒకే స్వరాన్ని పలుకుతూ కింది నుంచి మెల్లగా లేస్తాయి, తాళం పట్టకుండానే ఆగుతాయి. తంబూర సవరించుకుని కథకుడు సభను ఒకసారి కలయజూసినట్టుంటుంది. ఆ తర్వాతే నడక మొదలు. చివరికి తాళమే మారి, యుద్ధ ఘట్టంలా మంటలెత్తుతుంది.

ఇరవయ్యొక్కేళ్ల బ్రామ్స్ 1854లో ఒక స్కాట్లాండ్ గాథను తీసుకున్నాడు. నెత్తుటి కత్తితో వచ్చిన కొడుకును తల్లి నిలదీసే కథ అది. ప్రశ్న నిదానంగా, జవాబు కాస్త వడిగా సాగుతాయి. కథకుడికీ వంతకూ మధ్య నడిచే సంవాదం మనకు కొత్తా?

1875లో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న గ్రీగ్ తన నార్వే జానపద వరుసనే ఎత్తుకున్నాడు. దాన్ని ఎన్నో రూపాల్లో తిప్పి తిప్పి, అంత పెద్ద హోరు తర్వాత, మొదటి వరుసను ఒంటరిగా వినిపించి ఆపేశాడు.

ఒకరు కథ ఎత్తుగడను, ఇంకొకరు సంవాదాన్ని, మరొకరు ఊరి వరుసను పట్టుకున్నారు. ముగ్గురిలో మన మనసుకు దగ్గరివాడు గ్రీగే. ఆ పోరాటాన్ని పాడిన కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని ఎంచుకున్నదీ అందుకే. ఆ వరుస జనం చెవుల్లో ముందే ఉంది. కొత్త కథ దానిమీద ఎక్కి నేరుగా గుండెకు చేరింది.

అందుకే గాథలు సేకరించే మిత్రులకు మా విన్నపం: పాఠం రాసుకున్న రోజే వరుసనూ రికార్డు చేయండి. డక్కీ దెబ్బ ఎక్కడ పడిందో, అందెలు ఎక్కడ మోగాయో, కథకుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో రాసి పెట్టండి. ఆ ఊపిరి దగ్గరే సభ కంటతడి పెట్టి ఉంటుంది.