చెఱువుకట్ట క్షేమము ముందు, విహారము తరువాత

మన గ్రామములకు అన్నము పెట్టునది చెఱువు. ఆ చెఱువును నిలుపునది కట్ట. నీటివైపున రాతిపేర్పు ఎంత బలముగా కనబడినను, దాని వెనుక నున్నది మన పూర్వులు గంపలతో మోసి, త్రొక్కించి గట్టిపఱచిన మట్టియే. రాయి నీటిదెబ్బ కోర్చును, మట్టి యోర్వదు. ఈ యొక్క సంగతిని మఱవక యున్నచో ఈ వ్యాసములోని తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

ఇటీవలి యేండ్లలో ఊరి చెఱువుకట్టలకు క్రొత్త యాదరము కలిగినది. తెలంగాణములో 2015వ సంవత్సరమున ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము క్రింద 46,000 పైచిలుకు చెఱువులు పునరుద్ధరణకై గుర్తింపబడినవి. వానిలో కొన్నింటిని మినీ ట్యాంకుబండులను పేర విహారస్థలములుగా తీర్చిరి. కట్టపై నడకబాట, విద్యుద్దీపములు, కూర్చుండుటకు బల్లలు, నీటిలో పడవలు ఏర్పడినవి. వీనిని చూచిన ఇతర గ్రామములవారికి తమ చెఱువును గూడ అట్లే అలంకరింపవలెనను కోరిక పుట్టుట సహజము.

దినమంతయు ఎండలో కష్టించినవాడు సాయంకాలము చల్లగాలికి కట్టమీద నాలుగడుగులు నడచుటను ఎవడు తప్పు పట్టును? బతుకమ్మను నీటిలో విడుచు ఆడుబిడ్డలకును, ఈత నేర్చు బాలురకును చెఱువు ఎల్లప్పుడును విహారస్థలమే. కావున విహారము కూడదని మేము చెప్పుట లేదు. కట్ట క్షేమమును చూచుకొనక దాని నలంకరించుట, పుచ్చిన దూలమునకు రంగు వేయుట వంటిదని మాత్రము చెప్పుచున్నాము.

మట్టికట్ట రెండు విధములుగా నశించును. మొదటిది నీరు కట్టపైనుండి పొర్లుట. రెండవది కట్టలోపలినుండి నీరు మట్టిని తోడుకొని పోవుట. విహారము పేర చేయు పనులు ఈ రెండు అపాయములను ఎట్లు పెంచగలవో చూతము.

అలుగనుడు, మత్తడి యనుడు, మరవ యనుడు, మిగులు నీటిని క్షేమముగా వెలికి పంపు ద్వార మదియే. పడవలు తిరుగవలెనన్నను, చెఱువు నిండుగా కనులకు విందు చేయవలెనన్నను నీరెక్కువ నిలువవలెను గదా యని కొందఱు అలుగుపై ఒక యడుగెత్తు గోడ కట్టింతురు. ఇక్కడ మన రైతులు కోపింపరాని యొక మాట చెప్పవలసియున్నది. విహారము మాటయే లేని చోట్ల సైతము, రెండవ పంటకు నీరు మిగులునను ఆశతో మనవారే అలుగుపై రాళ్లును, ఇసుక బస్తాలును పేర్చుట కలదు. చేపలు కొట్టుకొని పోకుండ కొందఱు వల లడ్డము కట్టుదురు. వరదలో వచ్చిన చెత్తయు, తూటికాడయు ఆ వలలకు పట్టి అలుగును మూసివేయును.

ఒక యడుగే గదా యని తలపరాదు. అలుగుమట్టమునుండి కట్టతలవఱకు నాలుగడుగు లున్నదనుకొందము. నీరు కట్టను పొర్లకుండ ఆ యలుగు పంపగల వరద 8 పాళ్లయినచో, ఒక యడుగు గోడ కట్టి మూడడుగులే మిగిల్చిన తరువాత అది పంపగలది 5 పాళ్లకు కొంచెము మాత్రమే మించును. అనగా ఒక యడుగు నీటికొఱకు వరదను దాటించు శక్తిలో మూడవవంతునకు పైగా పోగొట్టుకొనుచున్నాము.

రెండవ యపాయము కంటికి త్వరగా కనబడదు. ఎలుకలు, పీతలు త్రవ్విన బొరియలు, ఎండిన చెట్ల వేళ్లు కుళ్లగా ఏర్పడిన సందులు, పాతబడిన తూము ప్రక్కల నెఱ్ఱెలు, వీనివెంట నీరు దారి చేసికొనును. కట్ట వెలుపలి వాలున గడ్డి యుండుట మేలు; అది వానకు మట్టి కొట్టుకొని పోనీయదు. పెద్ద చెట్లును, తుమ్మపొదలును కీడు. అవి వేళ్లతో కట్టను చీల్చుటయే గాక ఊటను కనబడనీయవు. నీడకొఱకని వెలుపలి వాలున చెట్లు నాటుట, అందముకొఱకని ఆ వాలును సిమెంటుతో కప్పుట, అంగళ్లకొఱకని కట్ట పాదమును త్రవ్వుట, ఇవన్నియు రోగి దేహముపై దుప్పటి కప్పి రోగము లేదనుటవంటివి.

ఊటను గూర్చి మన పెద్దలకు ఎఱుక లేకపోలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువును విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు నిర్మింపజేసెను. అచ్చటి 1369వ సంవత్సరపు సంస్కృత శాసనము మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు కలుగు ఆఱు దోషములను పేర్కొనుచున్నది. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. దినమునకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు రెండేండ్లు పనిచేయగా ఆ నిర్మాణము జరిగినదని ఆ శాసనమే చెప్పును.

"మా కట్ట మూడువందల యేండ్లనుండి నిలిచియున్నది, ఇప్పుడేమగును?" అని యడుగువారు కలరు. కట్ట పాతదే, కాని దానిపైకి వచ్చు నీరు క్రొత్తది. ఎగువన కాలువలు పూడిపోయినవి, బాటలు వేయబడినవి, ఇండ్లు లేచినవి. మన చెఱువులు పెక్కు గొలుసుకట్టుగా నున్నవి గనుక ఎగువ చెఱువు తెగెనేని ఆ నీరంతయు ఒక్కమాఱుగా దిగువ కట్టపై పడును. 2021 నవంబరు 19వ తేదీన అప్పటి కడప జిల్లాలో, ఎగువనున్న పింఛా కట్ట తెగి, దిగువన చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టయు కొట్టుకొనిపోయి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. అవి మన ఊరి చెఱువులకంటె పెద్దవి. చిన్న కట్టయు ప్రాణాంతకమగుననుటకు మహారాష్ట్రమున రత్నగిరి జిల్లాలోని తివరె కట్ట సాక్ష్యము. 2019 జూలై 2వ తేదీ రాత్రి అది తెగి 18 మందికి పైగా మరణించిరి. కట్ట కారుచున్నదని గ్రామస్థులు అంతకుముందే చెప్పియుండిరి.

ఇక చట్టము సంగతి. 2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ఆనకట్టల భద్రతా చట్టమును చేసినది. అది 15 మీటర్లకు మించిన ఎత్తుగలవానికిని, 10 మొదలు 15 మీటర్ల ఎత్తుండి పొడవు, నీటిపరిమాణము మొదలగు కొన్ని లక్షణములు గలవానికిని వర్తించును. మన ఊరి కట్టలు పెక్కు 10 మీటర్లకు లోపుగానే యున్నవి. కావున ఆ చట్టము చెప్పిన తనిఖీలు మన కట్టకు తమంతట తాము రావు. ఒకప్పుడు గ్రామమున నీరటికాడు ఉండెడివాడు. రాయలసీమలో చెఱువుల బాగుకొఱకు దశబంధపు ఇనాములు ఉండెడివి. ఆ యేర్పాట్లు పోయినవి. కట్ట తెగినచో ఇసుక మేట వేయునది మన పొలములలో, మునుగునవి కట్టక్రింది పేదల గుడిసెలు, రాకుండపోవునవి మన సంఘమిచ్చిన పంట ఋణములు. నష్టము మనదైనప్పుడు కావలియు మనదే కావలెను.

కావున మా అభిప్రాయము ననుసరించి ప్రతి గ్రామమునను ఈ క్రింది నియమములు పాటింపదగినవి.

మొదటిది: అలుగుమట్టమును నీటిపారుదలశాఖ ఇంజనీరుచే నిర్ణయింపజేసి రాతిపై గుఱుతు చెక్కింపవలెను. పంటకొఱకు గాని, పడవకొఱకు గాని, చేపకొఱకు గాని ఎవరును దానిని ఎత్తరాదు. ఎత్తినవాడు ఎంతటివాడైనను సభలో జవాబు చెప్పవలెను.

రెండవది: అలుగు, తూము, వెలుపలి వాలు బాగుపడిన తరువాతనే అలంకారములకు పైకము వెచ్చింపవలెను. బల్లలు, అంగళ్లు, పిల్లల ఆటస్థలము కట్టపైగాక ఒడ్డున గట్టినేలపై నుండవలెను. బరువుబండ్లను కట్టపైకి రానీయరాదు. వాని చక్రముల గాడులే వాననీటికి కాలువలగును.

మూడవది: పడవలు, చేపలు, అంగళ్లవలన వచ్చు ఆదాయములో పదవవంతు తగ్గకుండ కట్ట నిధిగా వేఱుగా నుంచి, దాని లెక్కను సభ్యులకు చదివి వినిపింపవలెను. దశబంధపు పాతనీతి ఇదియే.

నాలుగవది: వానకాలమునకు ముందును, ప్రతి పెద్దవాన తరువాతను ఇద్దఱు సభ్యులు కట్ట పాదమువెంట ఈ కొననుండి ఆ కొనకు నడచి, చూచినదానిని పుస్తకములో వ్రాయవలెను. ఊట తేటగా, ఎప్పటివలె నున్నచో కనిపెట్టియుండవలెను. అది పెరిగినను, బురదగా మాఱినను అపాయము ముంచుకొని వచ్చినదని యెఱిగి తక్షణమే అధికారులకు తెలిపి, దిగువవారిని లేపవలెను. అట్టి ఊటపై బంకమట్టి కొట్టి బిగింపరాదు. నీరు మఱియొక చోట పొడుచును. మొదట ఇసుక, దానిపై కంకర, ఆపై రాళ్లు వేసినచో నీరు పోవును, మట్టి నిలుచును.

అయిదవది: అలుగు పాఱునప్పుడు కట్టపై వేడుకలు నిలిపివేయవలెను. తూమువద్దను, పూడికమట్టి త్రవ్విన గుంతలవద్దను ఈత నిషేధింపవలెను; నిండిన చెఱువులో ఆ గుంతలు కనబడక బాలుర ప్రాణములు తీయును. లైఫ్ జాకెట్టు లేనివానిని పడవ ఎక్కింపరాదు.

కొందఱు విహారమునే మాన్పింపవలెనందురు. మే మందులకు సమ్మతింపము. జనసంచారము లేని కట్టపై తుమ్మలు మొలచును, బొరియలు పెరుగును, ఊటను చూచువాడుండడు. దినమును కట్టపై నడచు వందమంది, దేనిని చూడవలెనో తెలిసికొన్నచో, వందమంది కావలివారగుదురు. కట్ట యెక్కు చోట ఒక పలకపై అలుగుమట్టపు గుఱుతును, బురద ఊటను గూర్చిన హెచ్చరికయు, తెలుపవలసినవారి ఫోను సంఖ్యయు వ్రాయించుటకు పెద్ద వ్యయ మక్కఱలేదు.

సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున తమ గ్రామపు అలుగుమట్టమును గూర్చి మొదటి ప్రశ్న వేయుదురుగాక. ఆ ప్రశ్నకు జవాబు దొరకిన పిదప దీపముల మాట చూచుకొనవచ్చును.