ఆరా, ఏడా?

పెండ్లి శుభలేఖ అచ్చువేయింపబోయి డీటీపీ దుకాణములో కూర్చున్నవారికి అనుభవైకవేద్యమైన విషయమొకటి కలదు. అచటి ఆపరేటరు వరుని పేరడుగడు, ముహూర్తమడుగడు, పెన్‌డ్రైవు చేతబట్టి మొట్టమొదట "ఫాంటు ఆరా, ఏడా అండీ?" అని యడుగును. మొన్న మాఘమాసమున మా బంధువుల యింటి లేఖ విషయమై ఈ ప్రశ్నకు సమాధానము తెలియక నేను తెల్లమొగము వేయగా, అతడు ఫైలు తెరచి చూపెను. 'చిరంజీవి' యుండవలసిన చోట గుడులును, ఒత్తులును తమ యిచ్చవచ్చినట్లు చెదరిపోయి, పైశాచీ భాషయేమోనని భ్రమ గొలుపు వాక్యమొకటి తెరపై నిలిచియుండెను. "ఇది ఏడులో కొట్టింది సార్, మా దగ్గర ఆరే ఉంది" అని యాతడు పెన్‌డ్రైవు మరల నా చేత బెట్టెను. ఒకే పేరు, ఒకే వంశము, ఒకే అక్షరమాల. ఆరవ కూర్పునకును ఏడవ కూర్పునకును నడుమ నొక్క యంకె.

సాఫ్ట్‌వేరు నొకదానిని తిరుగవ్రాసి, పాతదాని స్థానమున క్రొత్తదానిని నిలుపునపుడు దానికి బెట్టెడు పేరును, వేసెడు అంకెయు అమ్మకములవారి వినోదమని పలువురు భావింతురు. నాకు మాత్రము అది, పాతదానిని నమ్ముకొని పని జరుపుకొనుచున్న గృహస్థునకు తయారీదారు వ్రాసియిచ్చిన చీటీవలె తోచును. ఈ వృత్తిలోని పెద్దలు చుక్కలతో విడదీసిన మూడంకెల పద్ధతి నొకదానిని ఏర్పరచుకొనిరి: తప్పులు దిద్దినపుడు చివరి యంకె, పాతపనికి భంగము రాకుండ క్రొత్త సౌకర్యములు చేర్చినపుడు నడిమి యంకె, పాతదానితో పొత్తు చెడినపుడు మాత్రమే మొదటి యంకె పెరుగవలెనని దాని కట్టడి. మా డీటీపీ కుఱ్ఱవాడు ఈ సూత్రమును ఏ గ్రంథమునను చదివియుండడు. ఐనను ఆరునకును ఏడునకును పొత్తు కుదరదని యెఱిగినవాడు గనుక, అంకె తేలిన పిమ్మటనే పనికి పూనుకొనును.

అంకెలను గొప్పకొఱకు వాడుకొనుటయు ఈ వృత్తితోబాటే పుట్టినది. 1979లో అమ్మకమునకు వచ్చిన ఒరాకిల్ డేటాబేసు తొలి కూర్పునకు పెట్టిన అంకె రెండు. ఒకటవ కూర్పును కొనుటకు జనులు జంకుదురని ఆ సంస్థ స్థాపకులలో నొకడగు లారీ ఎలిసన్ తలచెను. మఱియొక డేటాబేసగు డీబేస్ 2నకు డీబేస్ 1 అను అన్నగారు లేనేలేడు. వల్కన్ అను పేర పుట్టినది అంగడికెక్కునాటికి రెండవదైనది. తొలిచూలు బిడ్డను చంక నిడుకొని వచ్చి, వీడు మా రెండవవాడమ్మా యని ఊరివారికి చెప్పుకొను తల్లిని ఎచటనైన చూచితిమా? 1993లో విండోసుపై నడచు వర్డ్ 2 నుండి ఒక్క గంతున 6నకు ఎగిరెను. 1999లో స్లాక్‌వేర్ అను లినక్సు కూర్పు, పోటీదారుల అంకెలు పెద్దవగుచుండగా "మీరింకను నాలుగుననే యున్నారేమి?" అను ప్రశ్నకు బదులు చెప్పలేక విసిగి, 4 పిమ్మట 7 అయి కూర్చుండెను.

విండోస్ కథ వేఱు రకపుది. 2007లో విస్టా విపణికి వచ్చినపుడు దాని లోపలి యంకె 6.0. రెండేండ్లకు వచ్చిన తమ్మునికి విండోస్ 7 అని పేరిడిరి. లోన జూచినచో 6.1 అని యుండెను. దీనికి హేతువు కలదు. అనేక ప్రోగ్రాములు తాము దిగబోవు ఇంటి యజమానిని, అయ్యా నీ యంకె యెంత యని ముందుగా ప్రశ్నించి, మొదటి యంకె తామెఱిగినది కానిచో గడప దాటక వెనుదిరిగెడివి. వానిని వ్రాసినవారికి ఆరు పిమ్మట ఏడు కూడ నొకనాడు రాగలదను ఊహ తట్టలేదు. కావున కొనువారికి ఏడనియు, ప్రోగ్రాములకు ఆరు పాయింటు ఒకటియనియు రెండు పేర్లతో ఆ శిశువు పెరిగెను. బడి రిజిస్టరులో వేంకట సుబ్రహ్మణ్యేశ్వరరావు, ఇంట బుజ్జి. 2021లో వచ్చిన విండోస్ 11 సయితము లోపల 10.0గానే వ్యవహరింపబడుచున్నది. ఇది మోసమని నేననను. వెలుపలి యంకె అంగడికి చెందినది, లోపలి యంకె పాతపనికి ఇచ్చిన మాటకు చెందినది. రెంటిలో విండోస్ తయారుచేయు సంస్థ చిత్తశుద్ధితో నిలుపుకొన్నది లోపలిదానినే.

పేర్లా, అంకెలా యను వివాదమున మన పంచాంగకర్తల తీర్పు ఏనాటిదో. సంవత్సరమునకు ప్రభవ మొదలు అక్షయ వఱకుగల అఱువది పేర్లలో నొకటి పలికి, ప్రక్కనే శాలివాహన శకవర్షమును గూడ అంకెలలో ముద్రింతురు. పేరు నోటికి హాయి; కాని విభవకు పిమ్మట శుక్లయని కంఠస్థము చేసినవానికి దప్ప అన్యులకు దాని ముందువెనుకలు తెలియవు, పైగా అఱువదేండ్లకు అదే పేరు తిరిగివచ్చును. అంకె తిరిగిరాదు. 2004 అక్టోబరులో 4.10 అను అంకెతో వెలువడిన ఉబుంటు అను లినక్సు కూర్పు, ఏటిని, నెలను అంకెయందే చెప్పుచు, జంతువు పేరొకటి ముద్దుపేరుగా దగిలించుకొన్నది; అది మన పద్ధతికి మిక్కిలి చేరువ. ఆండ్రాయిడువారు తమ కూర్పులకు అక్షరక్రమమున మిఠాయిల పేర్లు పెట్టుచు వచ్చి, ఆ మిఠాయిలు లోకమునందందఱికి తెలియవని గ్రహించి 2019లో ఆ యాచారమును మానిరి. అంతకు ముందటి యేట 'పి' అక్షరము వంతు వచ్చినపుడు, పూతరేకులకు పిలుపు వచ్చునేమోయని ఆత్రేయపురము వైపు చూచినవారిలో నేనొకడను. పై అను పాశ్చాత్యుల పిండివంటకు ఆ గౌరవము దక్కెను.

తప్పు పేరువలన వాటిల్లిన అనర్థమునకు పెర్ల్ ఆరవ కూర్పును మించిన నిదర్శనమును నేనెఱుగను. భాషాశాస్త్రము నభ్యసించిన లారీ వాల్ సృష్టించిన ఈ ప్రోగ్రామింగు భాష, ఐదవ కూర్పుతో లోకమెల్ల వ్యాపించియుండగా, 2000లో ఆరవదానిని సమూలముగ పునర్నిర్మింతుమని ప్రకటించిరి. అది సిద్ధమగుసరికి 2015 డిసెంబరు వచ్చెను. యువరాజునకు పట్టాభిషేకము చాటించి, పదునైదేండ్లు తెఱచాటున నుంచినచో, సింహాసనముపై నున్నవానిని ప్రజలేమందురు? ఐదవ పెర్ల్ ఆ కాలమంతయు జీవించియే యుండెను, క్రొత్త సౌకర్యములు పొందుచునే యుండెను. ఐనను ఆరు రానున్నదని విన్నవారందఱు ఐదు మూలబడినదని తలచి తొలగిపోయిరి. దాని పోషకులు పెంచుకొందమన్నను ఆరు అను అంకె అప్పటికే అన్యాక్రాంతమైనది. తీరా వచ్చిన ఆరవదియో, ఐదవదానికై వ్రాసిన ప్రోగ్రామును యథాతథముగ నడుపజాలని వేఱొక భాష. 2019లో లారీ వాల్ అంగీకారముతో దానికి రాకు అని పేరు మార్చిరి. ఆ పని 2001లోనే జరిగియుండినచో ఇరువురును బాగుపడియుందురు. పందొమ్మిదేండ్లు ఒక్క యంకెకై పోగొట్టుకొనిరి.

ఇందుకు విరుద్ధముగ, లినక్సు కర్త లీనస్ టోర్వాల్డ్స్ 2011లో 2.6.39 పిమ్మట 3.0 అని వేసి, ఇందు విశేషమేమియు లేదని తానే చెప్పెను, 2019లో 4.20 పిమ్మట 5.0 అని వేసి, కాలుసేతుల వ్రేళ్లు లెక్కకు చాలకపోయినవనెను. అంత నిష్కాపట్యమున్నచో అంకె యేదైన నేమి! డొనాల్డ్ క్నూత్ మఱియొక అడుగు ముందుకు వేసెను. పుస్తకముల అచ్చుకూర్పునకై తాను రచించిన టెక్ సాఫ్ట్‌వేరు అంకె ప్రతి సంస్కరణమునను పై (π) అను గణితసంఖ్యయొక్క ఒక్కొక్క స్థానము చేర్చుకొనుచు 3.141592653 వఱకు వచ్చినది. తన మరణానంతరము దానిని పై యనియే వ్యవహరించి, మిగిలిన దోషములను గుణములుగ నెంచవలెనని యతడు కోరెను. దానిని మార్చదలచినవారు మార్చుకొనవచ్చును గాని, ఆ మార్పునకు వేఱుపేరు పెట్టుకొనవలెను. వారసులు పలువురు పుట్టిరి. ఎవరును తండ్రి పేరు నచ్చముగ ధరింపలేదు, నేటికిని ఎవరికిని తికమక లేదు.

తెలుగు ఫాంట్లును, దుకాణముల లెక్కల ప్యాకేజీలును తయారుచేయుచున్న మన యువకులకు నా విన్నపము స్వల్పమైనది. అంకె యెంత పెద్దదైనను వేసికొనుడు, పేరెంత సొగసైనదైనను పెట్టుకొనుడు. దాని క్రిందనే, పాత కూర్పున చేసిన ఫైలు ఇందు తెరచుకొనునో లేదో, ఇందు చేసినది పాతదానిలో తెరచుకొనునో లేదో, రెండు వాక్యములు తెలుగున వ్రాయుడు. మా బంధువుల శుభలేఖ తుదకు ఏడున్న మఱియొక దుకాణమున, లగ్నమునకు నాలుగు దినముల ముందు అచ్చయినది.